ఎడమకు మొగ్గే బోర్డులు

అచ్చుగది నుంచి,
సోమవారం సాయంత్రం

ఏమే పిచ్చుకా,

పెట్టె విప్పగానే పైన కాగితం కనిపించిందని కంగారుపడకు. బిల్లు కాదు, నేనే. మీ అన్నయ్య అయితే చెక్కలు పెట్టెలో పడేసి, టేపు చుట్టేసి, నీకో ఫోన్ కొట్టి ‘వస్తున్నాయే’ అని ఊరుకునేవాడు. నేను ఫోన్ చెయ్యలేను. పోయిన నెల చేశాను, గుర్తుందా? ఎత్తి ‘ఊఁ, చెప్పు’ అన్నావు. ఆ ఊఁ అనడం అచ్చం ఆయనదే. పెట్టేశాను. నువ్వు లైను బాగోలేదనుకుని ఉంటావు. లైను బాగానే ఉంది, నేనే బాగోలేను. అందుకని ఇక మన మాటలన్నీ ఈ పెట్టెల్లోనే. ఖాళీ పెట్టెలు వెనక్కి పంపేటప్పుడు నువ్వూ ఓ కాగితం రాసి పడెయ్.

ఇప్పుడు అసలు సంగతి. ఒంటికాలు మూతపడదు. ‘ఎవరేమన్నా ఒంటికాలి మీద లేస్తావేంట్రా’ అని అత్తయ్య తిట్టిన తిట్టునే పట్టుకెళ్ళి మన స్కేట్‌బోర్డులకి పేరుగా పెట్టుకున్నాడు మహానుభావుడు. నువ్వు దానికో ఒంటికాలి కొంగను గీసిచ్చావు. ఇన్నేళ్ళుగా ఆ కొంగే మనందరికీ అన్నం పెట్టింది. ఆయన బోర్డు తొక్కుతూ ఆ నీళ్ళులేని ఈతకొలనులో పడి పోయాడని, కొంగను కూడా ఎగరగొట్టేస్తానా? తాళం తీశాను. దుమ్ము దులిపాను. బోర్డులు నొక్కాను.

నవ్వకు. కుట్టుమిషను ముందు కూచునేదానికి జాక్ ఎక్కించడం ఏం తెలుసు అనుకుంటున్నావు కదూ? ఇన్నేళ్ళు ఆయన పక్కనే టీ గ్లాసు పట్టుకుని నిలబడి చూసినదాన్ని. సన్నటి చెక్క పొరలు ఏడు. ఒక్కోదానికీ జిగురు పూసి, దొంతరగా పేర్చి, ఆయన తన చేత్తో చెక్కిన కొయ్య అచ్చు కింది సగానికీ పై సగానికీ మధ్య పెట్టి, లారీల కింద వాడే జాక్‌తో నొక్కడం. మర్నాటికి ముక్కూ తోకా పైకి లేచి, మధ్యలో చిన్న లోయతో బోర్డు తయారు. చెబితే ఇంతే. చేస్తే మాత్రం భుజాలు నావి కాకుండా పోయాయి. మొదటివి జిగురు చాలక పెంకుల్లా లేచిపోయాయి. పైగా ఆ మూల నేల దిగిపోయింది కదా, అచ్చు కుదురుగా కూచోదు. ఆయన కింద ఏదో ముక్క దోపేవాడు, అది ఎంత వెతికినా కనబడలేదు. ఏదోలా సర్దుకున్నాలే.

స్కేట్‌బోర్డులు చేస్తున్నానంటే పక్కింటావిడ ‘పిల్లల బొమ్మల కొట్టా?’ అంది. అవునన్నాను. పెద్ద పిల్లలు, ఒక్కొక్కడికీ గడ్డాలు.

కొంగను చక్కగా వెయ్యి. మనవాళ్ళు తొక్కి ఏమన్నారో రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి.

మీ వదిన

*

రంగులగది, లాండ్రీ కొట్టు మేడమీద,
ఆదివారం

వదినా,

పెట్టె విప్పి ఏడ్చాను. ఏడుపు ఇంకులో పడితే కొంగకి మచ్చలొస్తాయని కిటికీ దగ్గరికెళ్ళి మరీ ఏడ్చాను. కింద లాండ్రీ ఆయన ఇస్త్రీ ఆపి ‘ఏమైందమ్మా, ఇంకు ఒలికిందా?’ అన్నాడు. ఒలికిందన్నాను.

ఫోన్ సంగతి నాకు తెలియదు వదినా. నా గొంతు ఎక్కడ దాచుకోను చెప్పు? సరే, ఉత్తరాలే రాసుకుందాం. నా చేతిరాత అన్నయ్యదిలా లేదు, అదో అదృష్టం.

నీ చెక్కలు బాగున్నాయి. నిజంగా. అంచులు ఇంకొంచెం రుద్దాలి, నేను రుద్దుకున్నాను. నల్ల కొంగ, ఎర్ర కాలు, ఎప్పటిలాగే వేశాను. శుక్రవారం కొలను దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ పాత క్లబ్బు గేటు ఇప్పటికీ అలాగే వాలి ఉంది, అందరూ దాని సందులోంచే దూరుతున్నారు. వాచ్‌మన్ మమ్మల్ని చూసి అటు తిరిగి కూచున్నాడు. ఆ రోజు పొద్దున్న అన్నయ్యని మొదట చూసింది అతనే కదా, అప్పటినుంచీ మమ్మల్ని ఒక్క మాట అనడం లేదు.

మొదట మెకానిక్కు ఎక్కాడు. నీకు తెలుసుగా, స్కూటర్లు బాగుచేసేవాడు, అన్నయ్యతో మొదటినుంచీ ఉన్నవాడు. కొలను గోడలమీద రెండు చుట్లు కొట్టి దిగిపోయాడు. ముఖం తెల్లబోయింది. ‘ఏంటి, చక్రం పట్టేసిందా?’ అన్నాను. ‘కాదే. ఎడమకు లాగుతోంది. అన్న ఎప్పుడూ ఎడమ గోడకే పోయేవాడు చూడు, అటే. నా వెనక అన్న నిలబడి తోస్తున్నట్టే ఉంది’ అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత ఎక్కినవాళ్ళంతా అదే మాట. పళ్ళ డాక్టరమ్మ అయితే తొక్కి వచ్చి, బోర్డును ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూచుంది.

ఉన్నది ఉన్నట్టు రాయమన్నావుగా, రాశాను. నువ్వు అడగబోయేది కూడా తెలుసు. లేదు, నేను ఎక్కలేదు. నా బోర్డు తలుపు వెనకే ఉంది. దానికి గొడుగు తగిలించుకుంటున్నాను.

పిచ్చుక

*

అచ్చుగది నుంచి,
బుధవారం

నా బంగారు పిచ్చుకా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో, మడతల దగ్గర చిరిగిపోతోంది. మెకానిక్కు సరిగ్గా ఏమన్నాడు? ‘తోస్తున్నట్టు’ అన్నాడా, ‘లాగుతున్నట్టు’ అన్నాడా? నువ్వు రెండూ రాశావు. రెండూ ఒకటి కాదు. తోస్తే వెనకున్నట్టు, లాగితే ముందున్నట్టు. అడిగి రాయి. డాక్టరమ్మ ఒళ్ళో పెట్టుకుని ఏమైనా అందా? ఏడ్చిందా? ఆ కూచోవడం ఎడమ గోడ దగ్గరేనా?

నాకు భయం వేస్తోందేమోనని అనుకోకు. భయం ఎందుకే? ఇక్కడ సాయంత్రం పూట జాక్ కిర్రుమంటుంది. జిగురు ఆరేటప్పుడు చెక్క అలాగే మూలుగుతుందని ఆయనే చెప్పేవాడు. నేను ఆ చప్పుడుకి ఎదురుచూస్తున్నాను. బయట పనులన్నీ ముగించుకుని వచ్చి, స్టూలు వేసుకుని, అచ్చు పక్కన కూచుంటున్నాను. మనకి తెలిసిన మనిషి పక్కగదిలో తిరుగుతున్నట్టుంటుంది. లేచి చూడాలనిపించదు. చూస్తే ఉండరని తెలుసు కదా. కూచుంటే మాత్రం ఉన్నట్టే.

ఈసారి పెట్టె పెద్దది. ఎక్కువ బోర్డులు నొక్కాను. మీ అన్నయ్యకి పని కలిసొచ్చింది చూడు, బతికుండగా ఇన్ని ఎప్పుడైనా అమ్మాడా? తొందరగా కొంగ వేసి పంపించెయ్. వాళ్ళేమన్నారో అంతా రాయి. ఒక్క మాట వదలకు.

వదిన

*

రంగులగది,
గురువారం

వదినా,

మెకానిక్కు ‘తోస్తున్నట్టు’ అనే అన్నాడట. మళ్ళీ అడిగి ఒట్టేయించుకున్నాను. డాక్టరమ్మ ఏమీ అనలేదు, బోర్డుని తుడుచుకుంది, అంతే.

కానీ నాకు మనసు బాగోలేదు. ఇదివరకు మన బోర్డులు ఎవరు కొనేవారు? మనకి తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు. మూడు చిన్న కొట్లు. ఇప్పుడు చూస్తే, రెండు వారాల్లోనే వంతెన కింద తొక్కేవాళ్ళు, గోడౌన్ల దగ్గర తొక్కేవాళ్ళు, ఎక్కడెక్కడివాళ్ళో వస్తున్నారు. నిన్న కొట్టుకి ఒకడొచ్చి ‘అన్న ఉన్న బోర్డు కావాలి’ అన్నాడట. అన్న ఉన్న బోర్డు! కొట్టతను ‘ఇదిగో ఇందులో ఉన్నాడు’ అని తీసిచ్చాడట, పాపం అతనికీ బేరమే కదా. ఇంకోడు నా ముందే బోర్డుకి చెవి ఆనించి విన్నాడు. ఏం వినబడిందని అడగబుద్ధి కాలేదు. అందరూ వాడి గురించి మెల్లగా మాట్లాడుతున్నారు వదినా. అన్నయ్య ఎప్పుడైనా మెల్లగా మాట్లాడాడా? వాడు పిలిస్తే కొలను అవతల కాకులు లేచేవి.

రోజూ పడుకోబోతే కళ్ళముందు ఆ ఎడమ గోడే. నీకు తోడు దొరికినట్టుంది, నాకు మాత్రం ఊపిరాడటం లేదు.

ఇంకో సంగతి. ఇంకు కలుపుకోవడానికి కొత్తగా మందపాటి అద్దపు పలక కొన్నాను. నున్నగా, గీత గీసినంత చదును. నిన్న చెయ్యి ఖాళీ లేక నీ చెక్క ఒకటి దానిమీద బోర్లించి పెట్టాను. టక్‌మంది. మూల మీద వేలు పెట్టి నొక్కితే, కాలు పొట్టిదైన బల్లలా టకా టకా ఊగుతోంది. సరే ఒకటి పాడైంది అనుకుని రెండోది పెట్టాను. టక్. పెట్టెలో ఉన్నవన్నీ పెట్టి చూశాను. అన్నీ అదే మూల, అంతే ఊగడం. అన్నీ మెలి తిరిగి ఉన్నాయి వదినా. వంకర బోర్డు ఒక పక్కకి లాగుతుంది, అందులో వింతేముంది?

నీ తప్పని అనడం లేదు. కొత్త చెయ్యి, అవుతుంది. అచ్చు సరిగా కూచుందో లేదో ఒకసారి చూడు. మొదటి ఉత్తరంలో ఏదో సర్దానన్నావు, ఏం సర్దావు?

పిచ్చుక

*

అచ్చుగది,
శనివారం

పిచ్చుకకి,

అచ్చు బాగానే ఉంది. జాక్ బాగానే ఉంది. నా చెయ్యీ బాగానే ఉంది.

అద్దాల మీద పెట్టి చూసేవాళ్ళు బోర్డులు కొనరు, తొక్కేవాళ్ళు కొంటారు. తొక్కేవాళ్ళు బాగుందంటున్నారు. నీకు ఒక్కదానికే బాగోలేదు, నువ్వు ఎక్కనే ఎక్కలేదు. గొడుగు తగిలించుకునేదానివి నాకు వంకలు చెప్పకు.

నువ్వు కొంగ వెయ్యి. అచ్చు సంగతి నేను చూసుకుంటాను. ఈ పెట్టెలోవి త్వరగా కావాలని మూడు కొట్లవాళ్ళూ అడుగుతున్నారు.

వదిన

*

రంగులగది,
మంగళవారం

వదినగారికి,

మీ పెట్టె అందింది. కొంగలు వెయ్యకుండా అలాగే వెనక్కి పంపిస్తున్నాను. విప్పి చూసుకోండి, అన్నీ ఉన్నాయి.

పళ్ళ డాక్టరమ్మ ఆదివారం పడిపోయింది. కొలను అంచుకి ఎక్కి తిరిగేటప్పుడు బోర్డు ఎడమకు లాగేసిందట, కుడి చెయ్యి కింద పడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేదాకా క్లినిక్కు మూసెయ్యాలి. విప్పాక కూడా ఆ చెయ్యి ఇదివరకటిలా తిరుగుతుందో లేదో చెప్పలేమన్నారట. ఆవిడది చేతి పని. మనుషుల నోట్లో పట్టుకారు పెట్టే చెయ్యి అది.

ఆస్పత్రికి వెళ్ళాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? ‘అన్నే నన్ను పక్కకి లాగాడు, లేకపోతే తల గోడకి కొట్టుకునేది. ఆయన పడ్డచోటే పడేదాన్ని’ అంది. కళ్ళు మెరిసిపోతున్నాయి. బోర్డు మంచం కింద పెట్టుకుంది. ఇచ్చెయ్యమంటే ఇవ్వలేదు. నేను బయటికొచ్చి మెట్లమీద కూచుండిపోయాను.

లాగింది అన్నయ్య కాదని మీకు తెలుసు. నాకూ తెలుసు. ఆవిడకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. మీకు వస్తే మీరే చెప్పండి.

మీరు బోర్డులు చేసుకోండి, అమ్ముకోండి. వంకర చెక్క మీద నా కొంగ పడదు. ఒంటికాలు మూతపడితే పడనీండి. అచ్చు కింద ఏముందో చెప్పేదాకా నేను కొంగను వేసే స్క్రీను ముట్టుకోను.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

అచ్చుగది,
శుక్రవారం

పిచ్చుకా,

నన్ను మీరు అనకు. కావాలంటే తిట్టు. ‘వదినగారికి’ అని చూసి ఉత్తరం కింద పెట్టేశాను, మళ్ళీ తియ్యడానికి రెండు రోజులు పట్టింది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. బస్సెక్కి వెళ్ళి, ఆస్పత్రి గేటు దాకా వెళ్ళి, పళ్ళు కొనుక్కుని, లోపలికి వెళ్ళలేక తిరిగొచ్చాను. ఆ పళ్ళు ఇంకా సంచిలోనే ఉన్నాయి.

అచ్చు కింద ఏముందో అడిగావు. ఆయన ఎడమ బూటు లోపలి అట్ట ఉంది.

ఆ రోజు ఆస్పత్రివాళ్ళు సంచిలో ఆయన బట్టలూ బూట్లూ వేసిచ్చారు. తెచ్చి ఈ గదిలోనే కొక్కేనికి తగిలించాను. మొదటిసారి నొక్కబోయినప్పుడు అచ్చు ఊగింది. ఆయన దోపే చెక్కముక్క కనబడలేదు. కోపమొచ్చింది, ఆయన మీదే. అన్నీ నేర్పకుండా పోయాడని. ఎదురుగా ఆ సంచి ఉంది. బూటు లోపల చెయ్యి పెట్టాను, పాదం కింద ఉండే ఆ మెత్తటి అట్ట చేతికొచ్చింది. దానిమీద ఆయన వేళ్ళ గుంటలు, మడమ గుంట అలాగే ఉన్నాయి. చేత్తో తడిమితే కాలు తడిమినట్టే ఉంది. దాన్ని మడిచి ఆ మూల దోపాను. అచ్చు ఊగడం ఆగింది. అంతే చేశాను. ఒట్టు, అప్పటికి నాకింకేం తెలియదు.

మెకానిక్కు మాట నువ్వు రాశాక తెలిసింది. అదే రోజు అచ్చు లేపి చూశాను. జాక్ ఎక్కేకొద్దీ అట్ట అణిగి, అచ్చు మెలి తిరుగుతోంది. నాకు అర్థమైంది. తీసెయ్యాలనీ తెలుసు. చెయ్యి పెట్టాను కూడా. తియ్యలేకపోయాను.

ఎందుకో చెప్పనా? ఆయన పోయాక అందరూ నన్ను ఓదార్చారు. ‘మర్చిపో, మనసు రాయి చేసుకో’ అన్నారు. ఒక్కడు, ఆ స్కూటర్ల మెకానిక్కు ఒక్కడు ‘అన్న ఉన్నాడు’ అన్నాడు. ఉన్నాడని ఇంకెవరే అన్నారు? నువ్వు కూడా అనలేదు. నా చేత్తో నొక్కిన చెక్కల్లో నుంచి ఆయన పాదం అంతమంది కాళ్ళకి తగులుతోందంటే, నేనేం పాపం చేస్తున్నానని తియ్యాలి? అది తీసేస్తే ఈ గదిలో కిర్రుమనేది కూడా ఉండదు. ఉత్త జాక్, ఉత్త జిగురు. నేనొక్కదాన్నే స్టూలు మీద.

డాక్టరమ్మ చెయ్యి నేనే విరిచాను. అది నాకు తెలుసు. అయినా చెయ్యి రావడం లేదు పిచ్చుకా. నువ్వే చెప్పు, నేనేం చెయ్యను?

వదిన

*

రంగులగది,
ఆదివారం

వదినా,

నీ ఉత్తరం చదివి కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. రాలేదు. నా దగ్గర ఆ సంచి ఉంటే నేనేం చేసేదాన్నో నాకూ తెలియదు. బహుశా తొడుక్కుని తిరిగేదాన్ని.

నిన్న తలుపు వెనకనుంచి నా బోర్డు తీశాను. గొడుగు పక్కన పెట్టి, దుమ్ము తుడిచి, చక్రాలూ ఇరుసులూ విప్పేశాను. అన్నయ్య చేసిన చెక్క అది, నా కోసం, అదే అచ్చులో. అద్దం మీద పెట్టాను. నాలుగు మూలలూ నొక్కాను. కదల్లేదు వదినా. అద్దానికి అతికించినట్టు కూచుంది. మెకానిక్కు దగ్గర అన్నయ్య చేసిన పాతది ఉంటే అదీ తెప్పించాను. అదీ కదల్లేదు.

నీకు గుర్తుందా, ఒకసారి వానల్లో పొరలకి తేమ పట్టి ఒక పెట్టెడు చెక్కలు కాస్త మెలి తిరిగాయి. కొట్టతను తొందరగా పంపమని ప్రాణం తీస్తున్నాడు. ‘ఈ కాస్త వంకర ఎవరు చూస్తారు, పంపెయ్యి’ అన్నావు నువ్వు. అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. ‘తొక్కేవాడి కాలు చూస్తుంది’ అని, రంపం తెచ్చి అన్నీ మధ్యకి కోసేశాడు. ఆ ముక్కలతోనే నీకు చెప్పుల స్టాండు చేశాడు, ఇప్పటికీ గుమ్మం దగ్గర ఉంది. పోయి చూడు.

బోర్డు ఎప్పుడూ ఎడమకు లాగలేదు వదినా. అన్నయ్య వెళ్ళేవాడు, తన ఇష్టంతో. తన కాలితో. అందరి బోర్డులూ తిన్నగానే ఉండాలని, వాళ్ళ ఇష్టమొచ్చిన పక్కకి వాళ్ళు వెళ్ళాలని వాడి పట్టుదల. వాడు ఎవర్నీ తొయ్యడు. కొలనులో దిగడానికి నేను భయపడి అంచున నిలబడితే, గంటలు గంటలు పక్కన కూచున్నాడు తప్ప వీపు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. మెకానిక్కు వెనక నిలబడి తోస్తున్నవాడు ఎవరో నాకు తెలియదు. అన్నయ్య మాత్రం కాదు. వాణ్ణి ఇలాంటివాడని నలుగురూ నమ్మితే నాకు వాడు రెండోసారి పోయినట్టుంటుంది.

మెత్తటిది అచ్చు కింద పెట్టకూడదు. గట్టి చెక్కముక్క, చివర సన్నగా చెక్కి, సుత్తితో మెల్లగా దోపాలి. నాకు తెలిసింది ఇంతే. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు అన్నావు. తీసెయ్ వదినా. నువ్వు తియ్యలేకపోతే నేను వచ్చి తీస్తాను. కానీ నువ్వే తియ్యాలి.

డాక్టరమ్మ దగ్గరికి కలిసి వెళ్దాం. పళ్ళు మళ్ళీ కొందాంలే.

నీ పిచ్చుక

*

అచ్చుగది,
సోమవారం

పిచ్చుకా,

చెప్పుల స్టాండు ముందు చాలాసేపు కూచున్నాను. తర్వాత దాని అడుగు పలక కొంచెం కోసి, చివర చెక్కి, అచ్చు కింద దోపాను. సరిపోయింది.

అట్ట తీశాను. జాక్ బరువుకి పల్చగా, కాగితంలా అయిపోయింది. వేళ్ళ గుంటలు లేవు. ఎప్పుడు పోయాయో మరి, నేను మడత విప్పి చూసుకోనేలేదు. ఇన్నాళ్ళూ ఏం దాచుకున్నానే నేను?

పాత వంకరవన్నీ, నువ్వు వెనక్కి పంపినవీ, రంపంతో మధ్యకి కోసేశాను. ఒక్కటీ ఉంచలేదు. కొట్లలో అమ్ముడుపోనివి కూడా వెనక్కి తెప్పిస్తున్నాను. కొన్నవాళ్ళకి తిన్నటివి మార్చిద్దాం. ఈ పెట్టెలో ఉన్నవన్నీ కొత్త ముక్క దోపాక వారమంతా నొక్కినవే. అద్దం మీద పెట్టి చూసి రాయి.

గది చప్పుడు లేకుండా ఉంది. జిగురు ఆరుతున్నా మూలగడం లేదు. రేడియో తెచ్చి పెట్టుకున్నాను, అదీ ఆపేశాను.

పైన కాగితంలో చుట్టింది ఆయన బూటు అట్ట. నా దగ్గర ఉంటే మళ్ళీ ఎక్కడో దోపేస్తాను. నీ దగ్గర ఉంచు.

వదిన

*

రంగులగది,
శనివారం సాయంత్రం

వదినా,

అట్ట అందింది. నా బట్టల అర అడుగున పెట్టాను. బాధపడకు, వేళ్ళ గుంటలు లేకపోయినా వాసన ఉంది. ఆ పాడు వాసన ఎక్కడికి పోతుంది?

చెక్కలు అద్దం మీద పెట్టాను. ఒక్కోటీ పెట్టడం, నాలుగు మూలలూ నొక్కడం. ఊగలేదు. నిన్ను చూసి ఎంత గర్వపడ్డానో ఎలా రాయను? అన్నయ్య చేసినవీ నువ్వు చేసినవీ కలిపేస్తే నేను విడదీయలేను. వాటికి కొంగలు వేశాను, కాలు ఈసారి ఇంకొంచెం ఎర్రగా.

నిన్న కొలను దగ్గర తొక్కారు. మెకానిక్కు దిగి, బోర్డు తిరగేసి చూసి, ‘తిన్నగా పోతోంది’ అన్నాడు. కొందరు మొహాలు వేలాడేసుకుని వెళ్ళిపోయారు. కొట్టతను అడిగేవాళ్ళు తగ్గారని నస పెడుతున్నాడు. తగ్గనీ. డాక్టరమ్మకి నేను అంతా చెప్పేశాను వదినా, నీతో కలిసి వెళ్దామనుకున్నాను కానీ బోర్డు సంగతేమిటని ఆవిడే అడిగింది. అట్ట సంగతి వింది. ఏడ్చింది. మంచం కింద బోర్డు తీసి ఇచ్చేసింది. నువ్వు రావాలి, పళ్ళు తేవాలి అంది. కోపంగానే ఉంది, అయినా రమ్మంది.

ఇప్పుడొక సంగతి. పెట్టె అడుగున ఒక చెక్క ఉంది. అన్నిటికంటే కింద. అన్నీ చూసేశాక అది చూశాను. జిగురు వాసన ఇంకా పచ్చిగా ఉంది, అంటే మిగిలినవాటితో నొక్కినదే. అద్దం మీద పెట్టాను.

టక్.

అదే మూల. అంతే ఊగడం. అద్దం తుడిచి పెట్టాను. అద్దం తిప్పి పెట్టాను. కిటికీ మూసి, ఊపిరి బిగబట్టి పెట్టాను. టకా టకా. అట్ట చూస్తే నా బట్టల అరలో ఉంది.

నువ్వు కావాలని ఒకటి అలా నొక్కి పంపావా? కొత్త ముక్క ఒకసారి జారిందా? పొరకి తేమ పట్టిందా? ఇన్నాళ్ళూ అచ్చు కింద ఏముందో చెప్పమని నిన్ను సతాయించినదాన్ని నేనే. ఇప్పుడు నీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పకు. నేనే చేశాననీ చెప్పకు, నేను కాదనీ చెప్పకు. జవాబులో డాక్టరమ్మ గురించి రాయి, చెప్పుల స్టాండు గురించి రాయి, ఆ చెక్క మాట మాత్రం ఎత్తకు.

దాన్ని అమ్మను. కొంగ వెయ్యను. కోసెయ్యడానికి రంపం తీసి, మళ్ళీ పెట్టేశాను. నా బోర్డు నుంచి విప్పిన చక్రాలు బల్లమీదే ఉన్నాయి కదా, దానికి బిగించాను. తలకి హెల్మెట్టు పెట్టుకుంటాను, చేతులకి పట్టీలు కట్టుకుంటాను, డాక్టరమ్మ అంచున కూచుని చూస్తానంది, నువ్వు కంగారుపడకు.

రేపు పొద్దున్న కొలనులో దిగుతున్నాను. తిన్నగా పోతే పోతుంది. ఎడమకు లాగిందనుకో, ‘ఊఁ, చెప్పు’ అంటాను.

పిచ్చుక